ఉప్పు ఓడ, గవ్వల గుడ్డ

మిర్యాలగూడ,
8 జూలై 2025, మంగళవారం

అక్కా,

మన ఇంట్లో దొంగతనం జరిగింది. దాది సందుగలోని గవ్వల గుడ్డ పోయింది. తీసింది జీవన్ కాకా.

మెత్తగా మొదలుపెట్టి అసలు సంగతి చివర్లో చెప్పే అలవాటు నాకు లేదు. రేపు ఈ ఉత్తరం నలుగురి ముందు సాక్ష్యంగా చదవాల్సి రావచ్చు. అందుకే నీకు తెలిసినవి కూడా తెలియనివాళ్లకు చెప్పినట్టే రాస్తున్నా. నవ్వకు.

మొన్న ఆదివారం కోదాడలో నీ ఇంటికి వచ్చాను. నువ్వు పక్కింటివాళ్ల సీమంతానికి పోయావు. మన నాయనను, జీవన్ కాకాను కన్న తల్లి భూలి దాది మంచం మీద కూర్చుని ఉంది. నేను సందుగ తెరిచాను. ఎందుకంటే 27న మా మిల్లు హమాలీల సభ ఉంది. ఆ రోజు గవ్వల గుడ్డను కర్రకు కట్టి ముందు నడవాలని నా ఆలోచన. మన తాతల తాతలు బందరు రేవు నుంచి ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చిన కాలంలో, బిడారుకు ముందు నడిచే ఎద్దు మీద కప్పిన గుడ్డ అది. నూట పదమూడు గవ్వలు. మూటలు మోసేవాళ్ల సభకు అంతకన్నా పెద్ద జెండా ఏముంటుంది?

సందుగలో దాది పెళ్లినాటి గాజులున్నాయి, ఎండిన వేపాకు ఉంది, మడత పెట్టిన కంబళి ఉంది. గుడ్డ లేదు.

"దాదీ, గుడ్డేది?" అన్నాను.

"సందుగ మూయిరా" అంది. తలెత్తలేదు. ఆమె రెండు చేతుల్లో ఒక యంత్రం. అరచేతికన్నా కొంచెం పెద్దది, రెండు పక్కలా బొత్తాలు, నడుమ అద్దం, ఆ అద్దంలో సముద్రం, సముద్రం మీద ఓడ. పాతకాలపు వర్తకులు రేవు రేవుకూ తిరిగి సరుకు కొని అమ్మే ఆటట. ఎవరిచ్చారని అడిగితే, "జీవన్ తెచ్చిండు. జర పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్" అంది.

ఆలోచించు అక్కా. సూర్యాపేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ల తల్లికి ఆటబొమ్మ ఎందుకిస్తాడు? ఇచ్చిన నెలలోనే గుడ్డ ఎందుకు మాయమవుతుంది? ఓడల మీద వచ్చినవాళ్లు చేతిలో పూసలదండ పెట్టి ఊళ్లకు ఊళ్లు రాయించుకున్నారని నేను చదివిన పుస్తకంలో ఉంది. నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకమే, కానీ కళ్లు తెరవడానికి చాలు. ఇప్పుడు అదే పని మన ఇంట్లో, అవే ఓడలు చూపించి జరిగింది.

దాదిని విడిగా అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. ఫోన్ చెయ్యకు. నేను ఫోన్ మానేసి నాలుగు నెలలైంది. ఏ జేబులో ఉంటే ఆ జేబు మాటలే వింటుంది అది. ఉత్తరం సైదయ్య చేతికివ్వు. మా మిల్లు బియ్యం లారీ డ్రైవరు. మిర్యాలగూడ నుంచి కోదాడ, అక్కడి నుంచి సూర్యాపేట, మళ్లీ మిల్లు, వారానికి రెండుసార్లు తిరుగుతాడు. మంచివాడిలాగే కనిపిస్తాడు. అయినా కవరు గట్టిగా అంటించు.

అన్యాయం చూసి ఊరుకోని
నీ తమ్ముడు సుమన్


కోదాడ,
11 జూలై

అన్యాయం చూసి ఊరుకోని మా తమ్ముడికి,

వేళకు అన్నం తింటున్నావా? రెండు పేజీల ఉత్తరంలో ఆ ముక్క కోసం వెతికాను, దొరకలేదు. దొంగతనం, సాక్ష్యం, పూసలదండ అన్నీ ఉన్నాయి. సైదయ్య నీ కవరు ఇస్తూ, "మీ తమ్ముడు దీన్ని బాంబు లెక్క పట్టుకొచ్చి ఇచ్చిండమ్మా" అని భయంభయంగా చూశాడు.

గుడ్డ ఎటూ పోలేదు. ఎవరూ దొంగిలించలేదు. ఇంతకంటే రాయలేను, రాయకూడదు. కొన్నాళ్లు ఆ మాట ఎత్తకు.

ఇక ఆట సంగతి. దుకాణంలో ఎవరో పాతది ఇచ్చిపోతే కాకా తెరిచి చూశాడట. అందులో బందరు రేవు ఉంది, ఓడలోంచి ఉప్పు దింపుతున్నారు. "యాడీ, నువ్వు చెప్పే బందరు ఇదేనా సూడు" అని తల్లికి తెచ్చి చూపించాడు. ఆమె ఆ రోజు పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు.

నువ్వు ఆమె ఆడటం చూడాలి. ఓడకు మోతీ అని పేరు పెట్టించింది. వాళ్ల తాత బిడారులో ముందు నడిచిన ఎద్దు పేరట అది. నాలుగు రోజులు ఓడ నడిస్తే ఐదో రోజు లంగరు వేసేస్తుంది. "దాదీ, ఇది ఓడ, దీనికి గడ్డి అక్కర్లేదు" అంటే, "నడిసేదానికి అలుపుండదా?" అంటుంది. సగానికి మించి సరుకు ఎక్కించదు. ఒడ్డు కనపడనంత దూరం పోదు. మొన్న ఒక రేవులో కరువొచ్చింది. ఉప్పు ధర మూడింతలైంది, ఇప్పుడే అమ్ముకో అని ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. నేను చదివి చెప్పాను. దాది ధర తగ్గించే బొత్తం ఎక్కడుందో వెతికించి మరీ పాత ధరకే ఇచ్చేసింది. "ఆకలైన ఊర్ల ఉప్పు ధర పెంచితే, మల్ల గదే తొవ్వల ఎద్దును ఏ మొగంతోని నడుపుతం?" అంది.

ఆ ఆటలో ఇరవై మంది వర్తకులు. దాది ఇరవయ్యో స్థానంలో ఉంది. ఆమెకు పట్టింపు లేదు. నీ బావకు మాత్రం చిన్నతనంగా ఉంది, సాయంత్రాలు పక్కన కూర్చుని సలహాలిస్తాడు, తిట్లు తింటాడు.

ఇక్కడ వాన పట్టుకుంది. అంగన్‌వాడీ గదిలో రెండు చోట్ల కారుతోంది. పిల్లలు ఆ రెండు బకెట్ల చుట్టూనే ఆడుకుంటారు.

అన్నం తిను. చిన్న పుస్తకాలతో పాటు ఒక పెద్దది కూడా చదువు.

నీ అక్క నీరజ


మిర్యాలగూడ,
15 జూలై

అక్కా,

"ఇంతకంటే రాయలేను, రాయకూడదు." ఈ వాక్యం పదిసార్లు చదివాను. ఎవరు రాయొద్దన్నారు? నువ్వు రాస్తుంటే పక్కన ఎవరు నిలబడ్డారు? బావా? ఆయన కాకాతో కలిసి చాయ్ తాగుతాడని నాకు తెలుసు. గుడ్డ ఎటూ పోకపోతే "సందుగలోనే ఉంది" అని రెండు మాటలు రాయడానికి నీ కలం ఎందుకు ఆగింది?

నీ ఉత్తరంలో ఆట మీద ఒక పేజీ ఉంది, గుడ్డ మీద నాలుగు ముక్కలున్నాయి. మరిపించడమంటే ఇదే. కాకా దాదిని మరిపించిన పద్ధతిలోనే నువ్వు నన్ను మరిపించాలని చూశావు. కోదాడ పోయాక నీకు ఆంధ్రావాళ్ల తియ్యటి మాట కూడా పట్టింది.

ఇప్పుడు నా దగ్గరున్నది చెప్తా విను. నిన్న కాటా దగ్గర లారీ నిలబెట్టించి చీటీ రాస్తున్నాను. చీటీ అందించడానికి క్యాబిన్ ఎక్కితే సీటు కింద, మట్టిలో, తెల్లగా ఒకటి మెరిసింది. తీసి చూస్తే గవ్వ. వీపు అరగదీసి ఉంది, ఆ రంధ్రంలో నల్ల దారం ముక్క ఇంకా వేలాడుతోంది. చిన్నప్పుడు నేను వేలు పెట్టి లెక్కపెట్టిన గవ్వను గుర్తుపట్టలేనా?

"సైదన్నా, ఇది నీ లారీలకు ఎట్లొచ్చింది?"

"నాకేమెరుక? సంచిల నుంచి జారినట్టుంది."

"ఏ సంచి?"

"మీ అక్క ఇచ్చిన సంచి. సూర్యాపేటల మీ కాకా ఇంట్ల ఇయ్యమన్నది. రెండుసార్లు ఇచ్చిన. మూతికాడ ఎర్ర గుడ్డ కనబడ్డది. ఏందయ్యా, పోలీసోని లెక్క అడుగుతున్నవ్? ఇన్ని బస్తాలు మోసిన, ఒక్క బస్తా గూడ నన్ను గిన్ని అడగలే."

అంటే గుడ్డ ముక్కలు ముక్కలుగా సూర్యాపేట చేరుతోంది. చేరవేస్తున్నది సైదయ్య. అప్పగిస్తున్నది నువ్వు. నా కింది నేల కదిలిపోయింది అక్కా. కాకా ఒక్కడే అనుకున్నాను. ఇప్పుడు ఎవరి దగ్గర నిలబడి మాట్లాడాలో తెలియడం లేదు. నీ కవరు అంచు కూడా ఒకసారి విప్పి అంటించినట్టుంది.

గవ్వ నా దగ్గరే ఉంది. మూడు రోజులు గడువిస్తున్నా. నిజం రాయి.

సుమన్


కోదాడ,
18 జూలై

సుమన్,

గడువా? నీకు జడలు వేసి బడికి పంపింది నేను. అవును, జడలే. ఆరేళ్లదాకా నీకు పుట్టువెంట్రుకలు తీయలేదు. ఆ సంగతి మీ హమాలీల సభలో చెప్పమంటావా?

కవరు అంచు విప్పింది నేనే. అంటించాక నీకు గొంతునొప్పి అని సైదయ్య చెప్తే, మిరియాల పొడి పొట్లం పెట్టడానికి తెరిచాను. ఆ పొట్లం చేరిందా, లేక దాన్ని కూడా పరీక్షకు పంపావా?

సంచి పంపింది నేనే. అందులో ఏముందో అడగకు. నేను చెప్పలేనన్నానంటే చెప్పలేనిదే అని నమ్మడానికి నీకు పుస్తకాల్లో ఎక్కడైనా అనుమతి ఉందా? తీజ్ పండుగదాకా ఆగు. ముప్పై రోజులు కూడా లేవు. అప్పుడు నీ కళ్లతో చూద్దువు.

ఒక్కటి మాత్రం చెప్తాను, అది దాచాల్సిందేమీ కాదు. ఆట వచ్చిన మూడో రోజున దాది మోతీని బందరుకు చేర్చింది. ఉప్పు దింపారు. ఓడ ఖాళీ అయింది. దాది అక్కడే ఉంది, కదలదు. బొత్తాలు నొక్కి ఒడ్డు మీదికి పోవాలని చూస్తోంది. ఆటలో ఒడ్డు దాటితే ఏమీ లేదు. ఉత్త పసుపు రంగు. నన్ను పిలిచింది.

"ఉప్పు గీడ దింపిండ్రు. ఇక్కడికెల్లి ఎవరు మోసిండ్రు?"

"ఆటలో అది లేదు దాదీ. ఇక్కడికే అయిపోతుంది."

"మన ఎద్దులేవి?"

"లేవు."

 తర్వాత యంత్రం పక్కన పెట్టి, లేచి, సందుగ తెరిచింది. అక్కడి నుంచి నేను రాయకూడదు.

ఆ గవ్వను సైదయ్యతో వెంటనే పంపు. అది చాలా అవసరం. దయచేసి.

నీరజ


మిర్యాలగూడ,
21 జూలై

అక్కా,

గవ్వ పంపను. అది అవసరమని నువ్వు రాసిన క్షణమే అది సాక్ష్యమని నాకు ఖాయమైంది. దొంగసొత్తులో ఒకటి తక్కువైతే బేరం కుదరదు, అంతేనా?

నీ మిరియాల పొడి వాడాను. గొంతు బాగైంది. బాగైన గొంతుతో ఏం చేశానో విను.

నాలుగు రోజులు కూర్చుని కరపత్రం రాశాను. ప్రెస్సు మురళీధర్ రెండుసార్లు అడిగాడు, "సొంత కాకా పేరేనా తమ్మీ? మల్లొకసారి ఆలోచించుకో" అని. అన్యాయానికి చుట్టరికం ఉండదన్నాను. రెండు వందల ప్రతులు. మొదటి వాక్యాలు ఇవి: "తండా ప్రజలారా! మన పెద్దల బిడారుకు ముందు నడిచిన గవ్వల గుడ్డను, ఒక ఆటబొమ్మకు బదులుగా, కన్నతల్లి సందుగలోంచి తరలించిన జీవన్‌ను నిలదీయండి! నిన్న ఓడల వర్తకులు దోచారు, నేడు దుకాణాల వర్తకులు దోస్తున్నారు!" కింద మూలన నా పేరు వేయించాను. పేరు దాచుకుని రాసేవాణ్ని కాదు.

శనివారం త్రిపురారం దగ్గర మన తండాలో ఇంటింటికీ పంచాను. నిన్న ఆదివారం పొద్దున సూర్యాపేట పోయి కాకా దుకాణం షట్టరు పక్క గోడకు అంటించాను. అంటిస్తుండగానే ఆయన వచ్చాడు.

నేను పిడికిలి బిగించి నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా నిలబడి చదివాడు. దుకాణానికి వచ్చిన ఇద్దరు కూడా ఆయన భుజం మీదుగా చదివారు. నేను అరుస్తానని వాళ్లూ, ఆయన కొడతాడని నేనూ ఎదురుచూస్తున్నాం.

"గోందు తక్కువ పెట్టినవ్ బిడ్డా. వానకు ఊడుతది" అన్నాడు. కింద లేస్తున్న మూలను బొటనవేలితో గట్టిగా అదిమి, లోపలికి పోయాడు.

చూశావా ఆ తెలివి! తప్పు చేయనివాడైతే చింపేయాలి, తిట్టాలి, ప్రమాణం చేయాలి. ఆయన అంత నెమ్మదిగా ఉన్నాడంటే గుడ్డ ఎంత భద్రమైన చోటికి చేరిందో అర్థం చేసుకో.

శుక్రవారం తండాలో పంచాయితీ. తండా పెద్ద గేమ్యా తాత పిలిచాడు. నేను పోవడం లేదు. మిల్లులో సెలవు ఇవ్వలేదు. కానీ నా కాగితం అక్కడ ఉంటుంది.

సుమన్


కోదాడ,
26 జూలై

సుమన్,

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అందుకని రాస్తున్నా. కూర్చుని చదువు.

గవ్వల గుడ్డ నేత కుళ్లిపోయింది. నువ్వు దాన్ని కర్రకు కట్టి ఊపి ఉంటే మూడో మలుపులో గవ్వలన్నీ మిర్యాలగూడ రోడ్డు మీద రాలేవి. ఆటలో మన ఎద్దులు లేవని చూసిన రోజు దాది సందుగ తెరిచి గుడ్డ విప్పి చూసింది. పట్టుకున్నచోటల్లా పొడి రాలింది. "గా బొమ్మల మనం లేము. ఇగ ఇది గూడ చిరిగితే యాడ ఉంటం?" అంది. గవ్వలన్నీ విప్పి కొత్త గుడ్డ మీద కుట్టాలని ఆ రోజే అనుకుంది.

మన ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. నీకు తెలియదు, తెలియకూడదనే ఆ కట్టుబాటు. గుడ్డ విప్పినప్పుడు ఇంటి మగవాళ్లకు చెప్పకూడదు. ముందు ఎద్దు మీద గుడ్డ లేదంటే బిడారు ఆగిందని అర్థం. ఆ మాట తొవ్వలో పొక్కితే దొంగలు వస్తారు. మగవాళ్లు సంతలోనో కల్లు దగ్గరో నోరు జారతారని, ఆడవాళ్లు గుట్టుగా విప్పి గుట్టుగా కుట్టేవాళ్లు. దాది వాళ్ల అమ్మ అలా కుట్టింది, ఆమెకు ముందు ఆమె అత్త. దాది ఇక్కడ విప్పి, గవ్వలు కడిగి ఇస్తే, బ్లౌజులు కుట్టే చేయి కాబట్టి సూర్యాపేటలో కాకా భార్య వనిత కాకీ కొత్త గుడ్డ మీద కుడుతోంది. సంచిలో పోయింది అదీ. ఎర్ర గుడ్డ కొత్తది.

నేను ఒక్క మాటతో నీ నోరు మూయించగలిగేదాన్ని. దాది ఒట్టు పెట్టించుకుంది. నిన్న రాత్రి తనే విడిపించింది.

ఇప్పుడు పంచాయితీ. నిన్న గేమ్యా తాత నీ కాగితం చేతిలో పట్టుకుని కాకాను నడుమ నిలబెట్టాడు. నేను ఆడవాళ్లలో కూర్చున్నాను.

"గుడ్డ నీ ఇంట్ల ఉన్నదా, లేదా?"

"చెప్పను" అన్నాడు కాకా.

"ఎందుకు చెప్పవు?"

"చెప్పే హక్కు నాకు లేదు."

అంతే సుమన్. మళ్లీ నోరు విప్పలేదు. కాకాకు తెలుసు. పెళ్లాం అలమారాకు తాళం వేసుకుని కుట్టడం ఆయన మొదటి వారమే కనిపెట్టాడు. కనిపెట్టి కూడా చూడనట్టే తిరిగాడు. అది చెప్తే ఆయన బయటపడతాడు, తల్లి కట్టుబాటు పోతుంది. నలుగురూ దొంగ అన్నారు. దొంగగానే నిలబడ్డాడు. గుడ్డ వచ్చేదాకా ఆ గడప ఎవరూ తొక్కొద్దన్నారు. తీజ్‌కు వనిత కాకీని పిలవొద్దన్నారు. నేను లేవబోతే కాకా తల అడ్డంగా ఊపాడు. నిన్ను భుజాన ఎక్కించుకుని మొదటి సభకు తీసుకుపోయింది ఎవరో నీకు గుర్తుందా? నువ్వు ఆయన చెవులు పట్టుకుని నినాదాలు ఇచ్చావు. ఆ చెవులతోనే నీ కాగితం చదవగా విన్నాడు.

ఇంటికొచ్చి దాదికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "గవ్వలు లెక్కబెట్టు" అంది. ఇక్కడున్నవీ, కాకీ దగ్గరున్నవీ కలిపితే నూట పన్నెండు. ఆ ఒక్కటీ నీ జేబులో ఉంది.

నీరజ


మిర్యాలగూడ,
30 జూలై

అక్కా,

నీ ఉత్తరం కాటా గదిలో చదివాను. నా ముందు లారీ నిలబడి ఉంది, డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఏ చీటీ రాశానో గుర్తులేదు.

మొదట నీ మీదే కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. మగవాళ్లు నోరు జారతారన్న కట్టుబాటు అన్యాయమని నీకు పెద్ద ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. సగం పేజీ రాశాక, ఆ కట్టుబాటు ఎందుకు పెట్టారో రెండు వందల ప్రతుల్లో అచ్చేసి పంచింది నేనే కదా అని తట్టింది. చింపేశాను.

హమాలీల సభకు పోయాను, మాట్లాడలేదు. సోమవారం సూర్యాపేట పోయాను. దుకాణం మూసి ఉంది. వాన వారం రోజులు కొట్టింది కదా, గోడ మీద నా కాగితం మొత్తం కారిపోయింది. కాకా బొటనవేలితో అదిమిన మూల మాత్రం ఊడలేదు. ఆ మూలన ఉన్నది నా పేరు.

ఇంటికి పోయాను. కాకీ తలుపు తీసింది, చాయ్ పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. కాకా పేపరు చదువుతున్నాడు. నేను నేల మీద కూర్చున్నాను. గంట కూర్చున్నాక, "గడప తొక్కొద్దన్నరు గదా, ఎందుకు తొక్కినవ్?" అన్నాడు. నేను లేవబోయాను. "తొక్కినోడివి అన్నం తిని పో" అన్నాడు. తిన్నాను.

గవ్వ తీసి ఇవ్వబోతే తీసుకోలేదు. "నాకెందుకిస్తవ్? నేను మగోన్ని. నాకేం ఎరుక లేదు" అన్నాడు. ఇప్పటికీ! నాకంతా తెలిసిపోయాక కూడా!

నాకిప్పుడు నా మీదే అనుమానంగా ఉంది. ఏది చూసినా ముందు దాని వెనక ఎవరున్నారని వెతుకుతాను. ముందున్న మనిషి కనపడడు. నేనేం చెయ్యాలో దాదిని అడిగి రాయి. తండాకు పోయి చెప్పినా ఎవరు నమ్ముతారు? కాకాయే చెప్పించాడనుకుంటారు. అలా అనుకోవడం వాళ్లకు నేర్పింది నేనే.

సుమన్


కోదాడ,
2 ఆగస్టు

తమ్ముడా,

అన్నం తిన్నావని నీ అంతట నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. దాచుకుంటాను.

దాదికి చదివి వినిపించాను. ఆ మూల ఊడలేదన్న దగ్గర నవ్వింది. మన తండా మాటలో ఆమె చెప్పింది తెలుగులో రాస్తున్నా. గుట్టుగా కుట్టేటప్పుడు మాట బయటపడితే ఏం చెయ్యాలో కూడా పెద్దవాళ్లు పెట్టిపోయారట. ఇక దాచి కుట్టకూడదు. అందరి కళ్ల ముందు, పట్టపగలు, ఇంటికొక గవ్వ చొప్పున ఒక్క పూటలో కుట్టి ముగించాలి. తన చేత్తో ఒక గవ్వ కుట్టినవాళ్లకు గుడ్డ ఎక్కడుందన్న అనుమానం మళ్లీ రాదు. కుట్టనివి ఇంకా యాభైకి పైన ఉన్నాయి. మన తండాకు సరిపోతాయి.

ఎక్కడ అని అడిగాను. "కాగితం ఏ గోడకు అతికించిండో గా గోడ ముంగట" అంది. ఎవరు పిలవాలి అంటే, "దొంగ అని పిలిసినోడే రమ్మని గూడ పిలుస్తడు. వానికి అచ్చేసుడు వస్తది గదా" అంది.

నేను గేమ్యా తాతకు మనిషిని పంపాను. "పిలగాడు తన నోటితోని పిలిస్తే వస్తం" అన్నాడట. మగవాళ్లు సూది పడతారా అని దాదిని అడిగాను. మూటకు మూతి కుట్టే చేతులు గవ్వ కుట్టలేవా అంది. మీ హమాలీలకు ఈ మాట చెప్పు.

ఇంకొకటి. ఆ పంచాయితీ రోజు నుంచి దాది మోతీని కదపడం లేదు. బందరులో లంగరు వేసి ఉంది. ఆట రోజూ గుర్తు చేస్తోంది, సరుకు పాడవుతుందని. ముందు ఎద్దు మీద గుడ్డ లేకుండా బిడారు నడవదట. నీ బావ తట్టుకోలేకపోతున్నాడు.

రాఖీ శనివారం. ఆ మర్నాడు ఆదివారం కుడదాం. ఈసారి రాఖీ ఆ రోజే, సూది పట్టిన చేతికే కడతాను.

నీ అక్క


మిర్యాలగూడ,
5 ఆగస్టు

అక్కా,

రెండు వందల ప్రతులు. మురళీధర్ చదివి, ఈసారి ఏమీ అడగకుండా మిషను తిప్పాడు. ఒక ప్రతి దీంతో పెడుతున్నా, దాదికి చదివి వినిపించు. తప్పు అనిపిస్తే కొట్టేయమను.

ఆటలో ఒడ్డు దాటాక ఏమీ లేదన్నావే, ఆ కోపం మాత్రం నాకు తగ్గలేదు. ఓడలో వచ్చిన ఉప్పు తనంతట తాను నడిచి త్రిపురారం రాలేదు. ఆ ఆట చేసినవాళ్లకు ఎద్దుల సంగతి రాసి పంపుతాను. ముందు దాదిని అడిగి తెలుసుకుని రాస్తాను.

సైదయ్య లారీ ఆదివారం ఖాళీ. ఏడింటికి తండా దగ్గర నిలబెడతానన్నాడు. కిరాయి అడిగితే, "నాకూ ఒక గవ్వ ఇయ్యుండ్రి, మోసింది నేనే గదా" అన్నాడు. ఇవ్వాలి. సైదన్నా, నువ్వు ఇది విప్పి చదువుతున్నావని నాకు తెలుసు. చదువు, పరవాలేదు. మళ్లీ అంటించేటప్పుడు గోందు బాగా పెట్టు.

నీ తమ్ముడు సుమన్

*

తండా పెద్దలకు, తల్లులకు, నా ఈడువాళ్లకు

మన తండాలో తప్పు జరిగింది. చేసింది నేను, సుమన్‌ను.

తెలుసుకోకుండా జీవన్ కాకాను దొంగ అని రాశాను. మీరు నమ్మారు, అచ్చులో ఉంది కాబట్టి. ఆయన తన తల్లి మాట నిలబెట్టడానికి మీ ముందు నోరు మూసుకున్నాడు. గవ్వల గుడ్డ ఎవరూ తీయలేదు. చిరిగిపోతుంటే భూలి దాది, వనిత కాకీ, మా అక్క నీరజ కొత్తగా కుడుతున్నారు. నూట పదమూడు గవ్వల్లో ఒకటి తక్కువైంది. అది ఇరవై రోజులుగా నా జేబులో ఉంది.

ఇప్పుడు ఆ గుడ్డను మనమందరం కుట్టాలి. ఇంటికొకరు రండి, ఇంటికొక గవ్వ. ఆడవాళ్లు రండి, మగవాళ్లు రండి. సూది మీరు తెచ్చుకోండి, దారం కాకీ ఇస్తుంది. మొదటి గవ్వ దాది కుడుతుంది. ఆఖరి గవ్వ నేను కుడతాను. వంకరగా కుడితే విప్పించి మళ్లీ కుట్టించండి, అయ్యేదాకా అక్కడే ఉంటాను.

ఆగస్టు పది, ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు, సూర్యాపేటలో జీవన్ కాకా దుకాణం ముందు, నేను కాగితం అంటించిన గోడ దగ్గరికి రండి.